సర్ రోనాల్డ్ రాస్ చరిత్రము : బేగంపేట శోధనగృహము



మహాసభాసంచికలయందు స్వకులమున వెలసిన పెద్దల చరిత్రములను వ్రాయుట మనలో ఆచారముగ వచ్చుచున్నది. అది మంచి యాచారమే. కాని మహోపకారమునకు కులముగాని దేశముగాని హద్దు కాదు. జ్వరము మన గోత్రమడిగి యింటికి రాదు. ఆ జ్వరమును తొలగించు విద్యయు నట్లే యెల్లవారి సొత్తు. కావున ఈ సంవత్సరము మన కులమువాడును, మన భాషవాడును గాని యొక వైద్యుని చరిత్రమును మీ యెదుట నుంచుచున్నాను. ఆతని జీవితమునందలి ముఖ్యకార్యము జరిగిన భవనము మన రెజిమెంటల్ బజారునకు దవ్వు కాదు. స్టేషనువైపునుండి బయలుదేరి ప్యారడైజు మీదుగా బేగంపేట పోవువారు దాని చేరువనుండియే నిత్యము పోవుచుందురు. పోవువారిలో దానిని చూచినవారు కొలదిమంది. చూచినవారిలో దాని చరిత్ర మెఱిగినవారు ఇంకను కొలదిమంది. ఈ కొఱత తీర్చుటకే ఈ వ్యాసము.

లష్కరు

సికింద్రాబాదును మన పెద్దలు లష్కరని పిలిచెడివారు. లష్కరనగా దండు. 1798వ సంవత్సరమున నిజాము ఆలీఖానునకును ఇంగ్లీషు కంపెనీవారికిని సైన్యసహాయపు ఒడంబడిక కుదిరెను. తత్ఫలితముగా హుస్సేనుసాగరమునకు ఉత్తరమున కంపెనీ పటాలములు విడిసెను. 1806లో ఆ దండుప్రదేశమునకు అప్పటి నిజాము సికందర్ జా పేరిట సికింద్రాబాదను నామము కలిగెను. పటాలము లున్నచోట వానికి బియ్యము, గడ్డి, బట్ట, చెప్పులు సమకూర్చు బజారులు వెలయుట సహజము. రెజిమెంటల్ బజారు తన పేరిటనే ఈ చరిత్రమును దాచుకొనియున్నది.

దండున్నచోట ఆసుపత్రియు నుండవలెను. ఆ కాలమున ఉష్ణదేశములందు సిపాయీలను శత్రువుల యాయుధములకంటె జ్వరములే యెక్కువగ బలిగొనుచుండెను. అందు చలితో వచ్చి, వడకించి, కాచి, చెమటపోసి విడిచి, మరల దినము విడిచి దినమో, మూడవనాడో వచ్చు జ్వరము ముఖ్యము. మన యాయుర్వేదాచార్యులు దీనిని విషమజ్వరమని పేర్కొని, సంతతము, సతతము, అన్యేద్యుష్కము, తృతీయకము, చతుర్థకమని దాని భేదములను చక్కగా గుర్తించిరి. సుశ్రుతాచార్యులు దోమలను సైతము అయిదు తెగలుగ విభజించిరి. ఇది మన పూర్వుల పరిశీలనాశక్తికి నిదర్శనము. అయినను జ్వరము నొకచోటను, దోమను వేఱొకచోటను చెప్పిరే కాని, రెంటికిని గల సంబంధమును ప్రయోగపూర్వకముగా స్థాపించినవారు లేరు. మన పెద్దలకు లేని కీర్తిని తగిలించుట వారికి గౌరవము కాదు. ఐరోపావారును చిరకాలము ఈ జ్వరము బురదనేలలనుండి లేచు చెడుగాలివలన కలుగునని తలచి, ఇటలీభాషలో చెడుగాలి యను నర్థమిచ్చు మలేరియా శబ్దముతో దానిని వ్యవహరించిరి. 1820లో సింకోనాచెట్టు బెరడునుండి క్వినైనును వేఱుచేయుట నేర్చిరి. మందు తెలిసినది కాని, రోగము వచ్చు త్రోవ తెలియదు. త్రోవ తెలియక మందొక్కటి తెలిసిన, వచ్చినవానిని బ్రదికించుకొనవచ్చునేమో గాని రానీయకుండుట సాధ్యముకాదు.

జననము, బాల్యము

రోనాల్డ్ రాస్ 1857వ సంవత్సరము మే 13వ తేదీన హిమాలయ పాదముల కుమాయూను సీమలోని అల్మోరాయందు జన్మించెను. మీరటులో సిపాయీల తిరుగుబాటు ప్రారంభమై అప్పటికి మూడునాళ్లే యయ్యెను. తండ్రి క్యాంబెల్ రాస్ భారతసైన్యమున నుద్యోగి; తరువాత సేనాపతి పదవి నందినవాడు. తల్లి మటిల్డా షార్లెట్. పదిమంది సంతానములో రోనాల్డు పెద్దవాడు. ఎనిమిదేండ్ల ప్రాయమున బాలుని విద్యకై ఇంగ్లండునకు పంపిరి. అచ్చట వైటుద్వీపమున బంధువుల యింట పెరిగి, పిదప సౌతాంప్టను చేరువనున్న పాఠశాలలో చదివెను.

బాలునకు వైద్యమునందు రుచి లేదు. చిత్రలేఖనము, సంగీతము, కవిత్వము, గణితము – వీనియందే మనసు. చిత్రకారుడగుదునని యాతడు కోరగా తండ్రి అంగీకరింపలేదు. వైద్యుడై భారతదేశపు వైద్యోద్యోగమున చేరవలెనని నిర్బంధించెను. పితృవాక్యమును త్రోసివేయక 1874లో లండను నగరమందలి సెంటు బార్తొలొమ్యూ వైద్యకళాశాలలో చేరెను. చేరెనన్న మాటయే కాని శ్రద్ధ కొంచెము. శస్త్రవైద్య పరీక్ష 1879లో గడిచినది. రెండవ పరీక్ష తప్పినది. తండ్రి పంపు ద్రవ్యముపై నాధారపడనొల్లక అమెరికాకు పోవు పొగయోడలలో వైద్యుడుగ కొంతకాలము పనిచేసి, తప్పిన పరీక్షను మరల నిచ్చి, 1881లో భారతదేశ వైద్యోద్యోగమున ప్రవేశించెను. పరీక్ష తప్పిన బాలురు ఈ ముక్కను గుర్తుంచుకొనవలెను. వారి తండ్రులును గుర్తుంచుకొనవలెను.

మదరాసు సేవ

ఆతనిని మదరాసు రాజధానికి నియమించిరి. మదరాసు, బెంగుళూరు, బర్మా, అండమాను దీవులు – ఇట్లు పలుచోట్ల తిరిగెను. పని తక్కువ, తీరిక యెక్కువ. ఆ తీరికలో గణితగ్రంథములను పఠించెను. పద్యములను, నవలలను వ్రాసెను. ఏడేండ్లు గడచిన వెనుక తన కాలము వ్యర్థమగుచున్నదను పరితాప మాతనిని పట్టినది.

ఆ కాలమునందలి యొక చిన్న సంగతి చెప్పదగినది. 1883లో బెంగుళూరున రాస్ నివసించిన బంగళాలో దోమలు మెండుగ నుండెను. కిటికీ వెలుపల నున్న యొక నీళ్లతొట్టిలో పురుగులు కదలాడుటను చూచి, అవియే దోమలగుచున్నవని గ్రహించి, తొట్టిని బోర్లించెను. దోమలు తగ్గినవి. ఇతర తొట్లనుగూడ నిట్లే బోర్లింపవలసినదని పై యుద్యోగిని కోరగా, అది సృష్టిక్రమమునకు విరుద్ధమని యాతడు నిరాకరించెను. తరువాతి కాలమున ప్రపంచమునకు రాస్ చేసిన యుపదేశ మంతయు ఆ బోర్లించిన తొట్టిలో బీజరూపమున నున్నది. అతనిని నిరాకరించిన యుద్యోగి సంతతి నేటికిని మన వీథులలో నంతరింపలేదు!

1888లో సెలవుపై స్వదేశమునకు పోయి, ప్రజారోగ్యశాస్త్రమున పట్టము పొంది, సూక్ష్మక్రిమిశాస్త్రమును నేర్చెను. 1889లో రోసా బ్లాక్సమ్ అను కన్యను వివాహమాడి మరల నీ దేశమునకు వచ్చెను. అటుపిమ్మట నాతని దృష్టి జ్వరములమీదికి మరలినది.

గురుదర్శనము

1880లో ఆల్జీరియాయందు లావెరాన్ అను ఫ్రెంచి సైనికవైద్యుడు చలిజ్వరరోగి రక్తమున నల్లని రేణువులు గల సూక్ష్మజీవిని కనుగొనియుండెను. రక్తకణములలో జొరబడి వానిని తిని పెరుగు పరాన్నభుక్కు అది. రాస్ తానును వెదకి, కానలేక, ఆ జీవి లేనేలేదని తలచియుండెను. 1894లో మరల లండనునకు పోయినపుడు ప్యాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు సూక్ష్మదర్శనిలో దానిని ప్రత్యక్షముగ చూపెను. మాన్సన్ సామాన్యుడు కాడు. బోదకాలు వ్యాధికి కారణమగు సూక్ష్మక్రిమి దోమ శరీరమున పెరుగుచున్నదని 1877లో చీనాదేశమున కనుగొన్నవాడు. చలిజ్వరపు జీవియు దోమలోనే పెరుగవలెనని యాతని యూహ. అయితే రోగిని కుట్టిన దోమ నీటిలో పడి చచ్చుననియు, ఆ నీటిని త్రాగుటవలన జ్వరము సంక్రమించుననియు నాతడు భావించెను. ఊహలో సగము సత్యము, సగ మసత్యము. సత్యమైన సగమును నిలిపి, అసత్యమైన సగమును తొలగించుట శిష్యుని వంతయ్యెను.

లష్కరున మొదటి ప్రయత్నము

1895లో రాస్ భారతదేశమునకు మరలివచ్చి, సికింద్రాబాదున మదరాసు పదాతిదళమునకు వైద్యుడయ్యెను. రాగానే పని ప్రారంభించెను. దోమపురుగులను నీటిసీసాలలో పెంచి, రెక్కలు వచ్చిన దోమలను జ్వరరోగిని పరుండబెట్టిన దోమతెరలోనికి విడిచి, కుట్టిన దోమలను పట్టి, కోసి, సూక్ష్మదర్శనితో పరీక్షించుట ఆతని పద్ధతి.  

నీటిద్వారా జ్వరము వచ్చునేమో చూచుటకై, రోగిని కుట్టి చచ్చిన దోమలున్న నీటిని లచ్చుమన్ అను ఆరోగ్యవంతుడగు యువకునిచే త్రాగించెను. కొన్నినాళ్లకు స్వల్పముగ నొడలు వెచ్చబడినను రక్తమున క్రిమి కనబడలేదు. ఆ యువకుడు సుఖముగ నుండుట మన భాగ్యము. నేటి ధర్మమునుబట్టి ఇట్టి ప్రయోగము చేయరాదు. ఆ దినములలో ఉద్యోగికిని కూలివానికిని నడుమ నున్న యంతరము వలన ఒప్పుకొనుటయను మాటకు అర్థము కొంచెముగ నుండెను. మహాపురుషుని చరిత్రము వ్రాయునపుడు ఇట్టివానిని దాచుట యుక్తము కాదు.

అప్పుడు ఫలితము చేకూరలేదు. కారణ మిప్పుడు మనకు తెలియును. దోమలు బహుజాతులు; మనుష్యుల చలిజ్వరమును మోయగలది వానిలో ఒక్క తెగయే. రాస్ కోసిన బూడిదవన్నె దోమలును, చారలదోమలును ఆ తెగవి కావు. వేయి కోసినను వానిలో దొరకవలసినది దొరకదు. ఇంతలో నాతనిని బెంగుళూరున వాంతిభేదినివారణమునకు పంపిరి. రెండేండ్లట్లు గడచెను. 1897లో సెలవుపై నీలగిరులకు పోయి, అచ్చటి సిగూరు కనుమయందు తానే చలిజ్వరమున పడి లేచి, ఆ యేటి జూన్ మాసమున మరల సికింద్రాబాదు చేరెను.

బేగంపేట భవనమున

బేగంపేటలోని పటాలపు ఆసుపత్రిలో నాతడు పనికి పూనుకొనెను. వానలు వెనుదీసినవి, ఎండ మెండు. పంకా వేసికొన్నచో కోసిన దోమ యెగిరిపోవును. కావున గాలి లేక, చెమట కారుచుండగా కూర్చుండెడివాడు. ఆ చెమటకు సూక్ష్మదర్శని మరలు త్రుప్పుపట్టినవి. కంటిలోనికి చెమట దిగును; చిన్నయీగలు ముఖమున ముసరును. దినమంతయు కన్ను మూయక దోమ యొక్కొక్క భాగమును గాలించుట. దోమ పొట్ట యెంత? దానిలోని గోడ యెంత? ఆ గోడయందలి యొక్క కణమెంత? దానిని వెదకువాని ఓర్పు ఎంతయుండవలెనో యోజింపుడు.

ఆగస్టు నడుమ ఆతని సేవకులు క్రొత్తరకపు పురుగులను తెచ్చిరి. వానినుండి వెడలిన దోమలు గోధుమవన్నెవి. రెక్కలపై మచ్చలు గలవి. వ్రాలునపుడు తోక పైకెత్తునవి. వీనినే నేడు అనాఫిలీసు దోమలందురు. ఆగస్టు 16వ తేదీన వానిలో పదింటిచే హుసేన్ ఖానను రోగిని కుట్టించిరి. ఆనాటి కూలి పదియణాలు. తరువాతి దినములలో కొన్ని చచ్చినవి. కొన్నింటిని కోసి చూడగా నేమియు కానరాలేదు.

ఆగస్టు 20వ తేదీన, కుట్టిన నాలుగవ దినమున, మిగిలిన కొలదిలో నొకదానిని కోసెను. అవయవములన్నియు చూచుట ముగిసినది. పొట్టగోడ మాత్రము మిగిలినది. అలసిపోయియు విడువక దానినిగూడ వెదకెను. గోడయందు గుండ్రని కణములు కొన్ని కనబడెను. దోమ పొట్టలో నట్టివి యుండరాదు. తేఱిపార చూడగా ఆ కణములయందు నల్లని రేణువులుండెను. అవి రోగి రక్తమునందలి జ్వరక్రిమిలో కానవచ్చు రేణువులే. చూచినది నిజమేని క్రిమి దినదినమును పెరుగవలెను గదా! మరునాడు, 21వ తేదీన, మిగిలిన దోమను కోసెను. అవే కణములు, నిన్నటికంటె పెద్దవి. సందేహము తీరినది. మనుష్యుని రక్తమునుండి దోమలో ప్రవేశించిన జ్వరక్రిమి అచ్చట జీవించుచున్నది, పెరుగుచున్నది. ఈ వార్త ఆ యేటి డిసెంబరు 18వ తేదీన బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటింపబడెను. ఆ సందర్భమున రాస్ రచించిన పద్యములు తరువాత కలకత్తాలోని స్మారకమున చెక్కబడినవి.

కలకత్తాలో పరిసమాప్తి

ఇంతటి పని చేసినవానికి దొరతనమువారిచ్చిన బహుమానము స్థలమార్పిడి! నెల తిరిగిన కొలదికే రాజపుటానాలోని ఖేర్వారాకు పొమ్మని యాజ్ఞ వచ్చెను. అచ్చట చలిజ్వరమే అరుదు. మాన్సన్ లండనునుండి పట్టుబట్టి యత్నింపగా, 1898 మొదట రాస్‌ను కలకత్తాకు మార్చిరి. అచ్చట నప్పుడు ప్లేగు సూదిమందు భయముతో జనులు వైద్యులను చేర నీయకుండిరి. మనుష్యులు దొరకకపోవుటచే రాస్ పక్షులను చేపట్టెను. పిచ్చుకలకును ఇట్టి జ్వరక్రిమియే కలదు. మహమ్మద్ బక్స్ అను సేవకుడు దోమలను పట్టుటలో నేర్పరియై యాతనికి కుడిభుజముగ నుండెను.

క్రిమి దోమ పొట్టగోడయందు పెరిగి, పగిలి, సూదులవంటి సూక్ష్మరూపములుగ విడిపోవుటను రాస్ చూచెను. అవి యెచ్చటికి పోవును? 1898 జూలై 4వ తేదీన ఆ రూపములు దోమ యొక్క లాలాగ్రంథిలో చేరియుండుటను కనుగొనెను. లాలాగ్రంథినుండి తొండములోనికి త్రోవ కలదు. కుట్టునపుడు లాలాజలముతో క్రిమి నెత్తుటిలో ప్రవేశించును. నీరు కాదు, గాలి కాదు; కాటే మూలము. వెంటనే రోగముగల దోమలచే ఆరోగ్యముగల పిచ్చుకలను కుట్టించి, వానికి జ్వరము వచ్చుటను చూపెను. జూలై చివర మాన్సన్ ఎడింబరో నగరమందలి వైద్యసభలో దీనిని వెల్లడించెను. ఆ యేటనే ఇటలీలో గ్రాసీ, బిగ్నామి, బాస్టియనెల్లి అను పండితులు మనుష్యుల జ్వరక్రిమి అనాఫిలీసు దోమలో నిట్లే పరిపూర్ణముగ పెరుగుటను స్థాపించిరి.

కీర్తి, కలహము

1899 ఫిబ్రవరిలో రాస్ భారతదేశమును విడిచి లివర్‌పూలులోని ఉష్ణదేశవైద్యశాలలో అధ్యాపకుడయ్యెను. 1901లో రాయల్ సొసైటీ సభ్యుడు, 1902లో నోబెలు బహుమాన గ్రహీత, 1911లో సర్ బిరుదాంకితుడు నయ్యెను. వైద్యమున నోబెలు బహుమానము పొందిన మొదటి బ్రిటిషువాడాతడే. అల్మోరాలో పుట్టినవాడగుటచే ఐరోపా వెలుపల జన్మించి యా బహుమానమందిన మొదటివాడును ఆతడే.

కాని కీర్తితోపాటు కలహమును వచ్చినది. ముందు కనుగొన్నది నేనన్న నేనని గ్రాసీతో రాస్ దీర్ఘకాలము పోరాడెను. పరుషవాక్యములు ఇరుపక్షముల వెలువడెను. త్రోవను మొదట చూపినది రాస్. మనుష్యులపట్ల దోమజాతిని శాస్త్రీయముగ నిర్ణయించి ముగించినది ఇటలీవారు. ఇద్దఱికిని చాలినంత కీర్తి యుండగా పంచుకొనలేకపోవుట విద్వాంసులకుగూడ సహజమైన లోపమే. మన సంఘములలో కలహించు పెద్దలు దీనిని తలచుకొందురుగాక!

గణితవిద్యాఫలము

బాల్యమునందలి గణితాభిమాన మాతనికి వృథ పోలేదు. ఉన్న దోమలన్నింటిని చంపుట యసాధ్యమని జనులాక్షేపింపగా, అన్నింటిని చంపనక్కఱలేదని రాస్ లెక్కలతో నిరూపించెను. ఒక రోగినుండి క్రిమిని గైకొన్న దోమ, క్రిమి తనలో పండువఱకు, అనగా పదిదినములకు పైగా, బ్రదుకవలెను. ఆ పిదప మరియొకరిని కుట్టవలెను. దోమలలో పెక్కు లీలోపలనే చచ్చును. కావున జనసంఖ్యకు దోమసంఖ్య ఒక మేరకు తగ్గెనేని, నయమగు రోగులు క్రొత్తరోగులకంటె ఎక్కువయై వ్యాధి తనంత తానే క్షీణించును. 1907–08లో మారిషసు దీవిని పరీక్షించినపుడును, 1910లో ప్రకటించిన మలేరియానివారణ గ్రంథమునందును ఈ విచారమును పెంపొందించెను. అంటువ్యాధులు వ్యాపించు తీరును లెక్కలతో చూపు నేటి శాస్త్రమునకు రాస్ వేసిన పునాది ముఖ్యము. 2020లో కరోనా వ్యాధి వచ్చినపుడు ఒక రోగివలన ఎందఱికి సోకునను లెక్కను పత్రికలలో మనమందఱము చదివితిమి. ఆ లెక్కకు పెద్దలలో నొకడు బేగంపేటలో చెమటోడ్చిన ఈ వైద్యుడే.

అంత్యకాలము

1914 ఆగస్టులో ఐరోపా మహాయుద్ధ ప్రారంభముననే పెద్దకుమారుడు ఫ్రాన్సులోని ల్యకాటో యుద్ధమున మరణించెను. ధనవిషయమునను రాస్ సుఖపడలేదు. మశూచికి టీకాలు కనిపెట్టిన జెన్నరునకు ఇంగ్లండు పార్లమెంటు 1802లో 10,000 పౌనులును, 1807లో 20,000 పౌనులును ఇచ్చియుండగా, తన విన్నపమును త్రోసివేసిరని యాతనికి మనస్తాపము. 1926లో లండనున నాతని పేర ఉష్ణదేశవ్యాధుల శోధనాలయమును ఆసుపత్రియు స్థాపింపబడెను. 1927 జనవరిలో కలకత్తాకు వచ్చి, తాను పనిచేసిన ఆసుపత్రిద్వారమున తనకై నిర్మించిన స్మారకమును ప్రత్యక్షముగ చూచెను. 1928లో కష్టవశమున తన లేఖలను కాగితములను 2,000 పౌనులకు విక్రయించుకొనవలసివచ్చెను. 1931లో భార్య గతించెను. 1932 సెప్టెంబరు 16వ తేదీన రాస్ లండనున దేహము చాలించెను.

నేటి గృహము

బేగంపేట భవనము నేడు సర్ రోనాల్డ్ రాస్ పరాన్నజీవిశాస్త్ర సంస్థయను పేర ఉస్మానియా విశ్వవిద్యాలయపు పరమైయున్నది. 2008 వఱకు ప్రయాణికుల విమానములు దిగుచుండిన పాతవిమానాశ్రయమునకు సమీపముననే యది కలదు. 1897నాటి శోధనను తెలుపు ఫలకమును, రాస్ ప్రతిమయు నచ్చట నున్నవి. నూఱేండ్లు నిండిన 1997 ఆగస్టులో నానాదేశ శాస్త్రజ్ఞులు హైదరాబాదున సమావేశమై ఆతనిని స్మరించిరి. నల్లకుంటలో మనమందఱము ఫీవరాసుపత్రి యని పిలుచుదానికి కూడ రాస్ పేరే పెట్టియున్నారు. ఆగస్టు 20వ తేదీ ప్రపంచమంతట దోమల దినముగ పాటింపబడుచున్నది.

గోల్కొండకోటయందు రాజుల వైభవము కనబడును. చార్మినారున శిల్పుల నేర్పు కనబడును. బేగంపేటలో చూడవలసినవి అట్టివి కావు. ఒక బల్ల, ఒక సూక్ష్మదర్శని, వంగిన యొక శిరస్సు – వీనిని మనోనేత్రముతో చూచుకొనవలెను. వెలుపలి బండ్ల మ్రోతలో ఆ పని కొంచెము కష్టమే. అందుచేతనే పిల్లలకు ముందుగ కథ చెప్పి పిదప తీసికొనిపోవలెను. కథ తెలియనివానికి అది పాతయిల్లు, తెలిసినవానికి తీర్థము. పాతయిల్లను దృష్టి ప్రబలినచోట పాతయిండ్లు నిలువవు. దొరతనమువారి జాబితాలలో పేరుండుట యొక్కటియే కట్టడమును కాపాడజాలదు. చూడవచ్చువారి రాకపోకలే దానికి నిజమైన కాపుదల.

ఆ యింటిలో స్మరింపదగినవాడు ఒక్క రాస్ మాత్రమే కాడు. జ్వరముతో మంచమున పడియుండి, మఱల దోమలకు దేహము నొప్పగించిన హుసేన్ ఖాను పదియణాలతో ఋణము తీరినవాడు కాడు. పురుగులకై కుంటలు, గోతులు గాలించిన సేవకుల పేర్లలో పెక్కు చరిత్ర కెక్కలేదు. మచ్చల రెక్కల దోమను తెచ్చిన చేయి లేనిదే దానిని చూచిన కన్ను లేదు. మన పిల్లలకు రాస్ పేరు నేర్పునపుడు హుసేన్ ఖాను పేరునుగూడ నేర్పుట న్యాయము.

మన కర్తవ్యము

ఈ శోధనవలన ఫలమేమని కొందఱడుగవచ్చును. స్వాతంత్ర్యము వచ్చుకాలమున భారతదేశమున ఏటేట దాదాపు 7½ కోట్లమందికి చలిజ్వరము వచ్చుచు, 8 లక్షలమంది మరణించుచుండిరని లెక్క. 1953లో జాతీయ మలేరియా నివారణ ప్రణాళిక ప్రారంభమయ్యెను. దోమలను చంపు మందుచల్లి, 1965 నాటికి రోగుల సంఖ్యను సుమారు 1 లక్షకు తగ్గించిరి. అంతట శ్రద్ధ సడలెను. దోమలు మందునకు అలవడెను. 1976లో రోగులు మరల 64 లక్షలైరి. తిరిగి పూనికతో తగ్గించుకొనవలసివచ్చెను. ఇటీవలి సంవత్సరములలో సైతము ప్రపంచమున ఏటికి దాదాపు 6 లక్షలమంది ఈ జ్వరమున పోవుచున్నారు. వారిలో నధికులు ఆఫ్రికాఖండపు పసిబిడ్డలు. 2021లోను 2023లోను ప్రపంచారోగ్యసంస్థ రెండు టీకాలను ఆమోదించినది. ఆశకు తావు కలదు. అశ్రద్ధకు తావు లేదు.

మన పట్టణమున నిప్పుడు డెంగ్యూ అను మరియొక జ్వరము ప్రబలుచున్నది. దానిని మోయునది చారలదోమ. మురికిగుంటలకంటె మన యింటి గాబులు, పూలకుండీలు, ఎయిర్‌కూలర్లు, మేడమీద పారవేసిన టైర్లు దానికి ప్రియమైన తావులు. గ్రుడ్డునుండి రెక్కల దోమ యగుటకు వారము పదిదినములు పట్టును. కావున వారమున కొక్కదినము నియమించుకొని నీటిపాత్రల నన్నింటిని బోర్లించి, తోమి, ఆరబెట్టినయెడల పురుగు దోమ కాకముందే నశించును. ఏకాదశి, శనివారము మొదలగు నియమములను పాటించు గృహిణులకు ఈ నియమ మొక లెక్కలోనిది కాదు. ఒక్క యింట చేసిన చాలదు. వీథి వీథియంతయు చేయవలెను. రాస్ లెక్కయు నదే చెప్పుచున్నది: అందఱు కొంచెము చేసిన వ్యాధి తగ్గును, ఒక్కడు అంతయు చేసినను తగ్గదు.

మన విద్యార్థివసతిగృహములందలి బాలురకు ఈ పనిని ఒప్పగింపుడు. ప్రతి యాగస్టు 20వ తేదీన వారిని బేగంపేటకు తోడ్కొనిపోయి, ఆ భవనమును చూపి, మరలివచ్చిన దినముననే వసతిగృహపు తొట్లను బోర్లింపజేయుడు. చూచిన చరిత్రమునకును చేసిన పనికిని సంబంధము వారికి తెలియును. పరీక్ష తప్పినవాడు, ఇష్టములేని విద్యను చదివినవాడు, ముప్పదేండ్లు దాటినను తన మార్గము తెలియనివాడు కూడ ఓర్పువలన లోకోపకారి కాగలడని వారిలో నొక్కనికి తోచినను మన శ్రమ ఫలించినట్లే.

స్వస్తి.